కోతికి కొబ్బరిచిప్ప దొరికితే: చింపాంజీలకు పనిముట్ల విద్య ఎలా అబ్బుతుంది?

టోపీల వ్యాపారి కథ తెలియని తెలుగు పిల్లలు అరుదు. చెట్టు కింద కునుకు తీసిన వ్యాపారి లేచి చూసేసరికి బుట్టలోని టోపీలన్నీ కోతుల నెత్తిన ఉంటాయి. అతను చెయ్యి ఊపితే అవీ ఊపుతాయి, పళ్లు ఇకిలిస్తే అవీ ఇకిలిస్తాయి. చివరికి విసుగొచ్చి తన టోపీని నేలకేసి కొడితే అవీ కొడతాయి. కథగా బాగుంది కానీ జంతుశాస్త్రం ముందు నిలవదు. చూసింది చూసినట్టు చేయడం కోతులకు అంతగా చేతకాదని ప్రయోగాలు పదేపదే తేల్చాయి. వాటికన్నా మనకు దగ్గరి చుట్టమైన చింపాంజీ కాస్త నయం. అయినా ఈ ఒక్క విషయంలో అది మూడేళ్ల మనిషి పిల్ల ముందు తేలిపోతుంది.

విక్టోరియా హోర్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. ఒక పెట్టె, అందులో తినే వస్తువు. ప్రయోగం చేసే మనిషి ముందు పెట్టె పైనున్న రంధ్రంలో కర్రతో పొడుస్తాడు, తర్వాత పక్కనున్న రంధ్రంలోంచి తిండి బయటికి లాగుతాడు. పెట్టె లోపల ఏముందో కనిపించనప్పుడు ఉగాండాలోని కుర్ర చింపాంజీలు రెండు పనులూ చేశాయి. తర్వాత అదే పెట్టెను లోపలంతా కనిపించేలా తయారుచేసి ఇచ్చారు. పైన పొడిచే కర్ర తిండి దాకా వెళ్లడమే లేదని ఇప్పుడు తెలిసిపోతోంది. చింపాంజీలు ఆ పొడవడం చాలావరకు మానేసి, నేరుగా పక్క రంధ్రంలోంచి తిండి లాక్కున్నాయి. స్కాట్లండ్‌లోని మూడు నాలుగేళ్ల పిల్లలు మాత్రం, అది పనికిరాదని కళ్లెదుట కనిపిస్తున్నా, పెద్దాయన చేసినట్టే ముందు పైన పొడిచి ఆ తర్వాతే తిండి తీశారు. వ్యాపారి చెట్టు మీద ఉండాల్సింది మన పిల్లలే అన్నమాట.

హైదరాబాద్ శివారు కాలనీల్లో కోతుల బెడద ఉన్న చోటల్లా ఒకే రకం మాటలు వినిపిస్తాయి. ఫ్రిజ్ తలుపు తీసిందట, నీళ్ల ట్యాంకు మూత ఎత్తిందట, కుళాయి తిప్పిందట. చివర్లో ఓ తీర్పు కూడా ఉంటుంది: మనల్ని చూసే నేర్చుకుంది. ఇందులో సగమే నిజం. కుళాయి దగ్గర నీళ్లుంటాయని ఇంకొకరిని చూసి తెలుసుకోవడం వేరు, కుళాయి తిప్పే చేతి కదలికను చూసి పట్టుకోవడం వేరు. మొదటిది చాలా జంతువులకు వచ్చు. తోటి జంతువు ఎక్కడ తచ్చాడుతుందో అక్కడికి వెళ్లి తామూ కెలుకుతాయి. రెండోది కష్టం. ఎక్కడ కెలకాలో తెలిశాక, మిగతాదంతా తడుముకుంటూ, తప్పులు చేస్తూ ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

మరి అనుకరణ అంత బలహీనమైతే, రాయితో కాయ పగలగొట్టడం, పుల్లతో చెదలు పట్టడం లాంటి విద్యలు చింపాంజీల్లో తరం తర్వాత తరానికి ఎలా అందుతున్నాయి? అరవై ఏళ్ల పైబడిన పరిశోధన చెబుతున్న సమాధానం తెలివితేటల గురించి కాదు, సహవాసం గురించి. పని తెలిసిన పెద్ద జంతువు పక్కన ఏళ్ల తరబడి కూర్చోగలగడం, అది విసుక్కోకుండా కూర్చోనివ్వడం: ఈ రెండూ కుదిరిన చోట విద్య నిలుస్తోంది, కుదరని చోట రాళ్లూ కాయలూ ఎన్ని ఉన్నా పుట్టడం లేదు.

పుట్ట దగ్గర కూతురు, కొడుకు

ఈ కథ మొదలైంది టాంజానియాలోని గోంబెలో. 1960 జూలైలో అక్కడికి వెళ్లిన జేన్ గుడాల్, ఆ ఏడాది నవంబర్‌లో తాను డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టిన మగ చింపాంజీ గడ్డిపుల్లను చెదపుట్ట కన్నంలోకి దూర్చి, దాన్ని పట్టుకుని వేలాడే చెదలను పెదాలతో దువ్వుకు తినడం చూశారు. ఆకులున్న కొమ్మ దొరికితే ఆకులు దూసి మరీ వాడటం కూడా ఆమె గమనించారు. పనిముట్టు తయారుచేసేది మనిషి ఒక్కడే అని పాఠ్యపుస్తకాలు చెబుతున్న రోజులవి. ఆమెను అక్కడికి పంపిన లూయీ లీకీ కబురు అందగానే, ఇక పనిముట్టుకైనా మనిషికైనా కొత్త నిర్వచనం రాసుకోవాలి, లేదంటే చింపాంజీలను మనుషులుగా ఒప్పుకోవాలి అని జవాబిచ్చారు.

తొలకరి వానలకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను దీపం పెట్టి పట్టి, వేయించుకుని తినే అలవాటు మన పల్లెల్లోనూ ఉంది. గోంబెలో కూడా రెక్కల చెదలు బయటికి రావడానికి సిద్ధమయ్యే వానాకాలం మొదట్లోనే, అంటే అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో, ఈ వేట జోరుగా సాగుతుంది. చూడటానికి సులువుగా కనిపించినా పని తేలిక కాదు. పుల్ల మరీ మెత్తగా ఉంటే కన్నం మలుపుల్లో మడిచిపోతుంది, మరీ బిరుసుగా ఉంటే లోపలికి పోదు. లోపలి సైనిక చెదలు పుల్లను కరిచి పట్టుకునేదాకా ఆగాలి. గబుక్కున లాగితే అన్నీ రాలిపోతాయి.

పిల్లలు ఇదంతా ఎలా నేర్చుకుంటాయో ఎలిజబెత్ లాన్స్‌డార్ఫ్ బృందం గోంబెలోనే గమనించి 2004లో ప్రచురించింది. ఆడపిల్లలకు సగటున రెండున్నరేళ్ల వయసుకే ఈ విద్య పట్టుబడుతోంది. మగపిల్లలకు ఇంకో రెండేళ్లకు పైగా పడుతోంది. తల్లి పుట్ట దగ్గర కూర్చున్నప్పుడు కూతురు ఆమె చేతినే చూస్తూ ఉంటే, కొడుకు పక్కన పల్టీలు కొడుతూ ఆడుకుంటాడు. ఇంకా ఆసక్తికరమైన సంగతి, కూతుళ్లు పుల్లను ఎంత లోతుకు దూరుస్తాయన్నది తల్లి పద్ధతితో సరిపోయింది. కొడుకుల్లో ఆ పోలిక లేదు. దీన్నిబట్టి ఆడపిల్లలు తెలివైనవాళ్లని తీర్పు ఇచ్చేయడం తొందరపాటు. పెద్దయ్యాక మగ చింపాంజీ బతుకు గుంపులో స్థానం కోసం కుస్తీతోనే గడుస్తుంది, ఆ పల్టీలు దానికి సాధన కావచ్చు. ఇక్కడ తేలిన విషయం ఒకటే: తల్లి ఇద్దరినీ ఒకేలా పక్కన ఉండనిచ్చింది. చూసినవాళ్లకు త్వరగా వచ్చింది.

ఉస్తాద్ చెప్పడు, పక్కన ఉండనిస్తాడు

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో బోసూ అనే ఊరుంది. ఊరి పక్క గుట్టల్లో ఉండే చింపాంజీలు ఆయిల్‌పామ్ కాయల్లోని పప్పు తింటాయి. ఖమ్మం, గోదావరి జిల్లాల రైతులకు ఈ చెట్టు బాగా తెలుసు, అయితే దాని పుట్టిల్లు ఆ ఆఫ్రికా తీరమే. కాయ లోపలి పెంకు గట్టిది, పళ్లతో కొరికితే పగలదు. చింపాంజీ ఒక బల్లపరుపు రాయిని దాగలిగా పెట్టుకుని, కాయను దాని మీద ఉంచి, రెండో రాయిని సుత్తిలా ఎత్తి కొడుతుంది. దాగలి ఊగుతుంటే కింద ఇంకో చిన్న రాయిని ఆనించి సరిచేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. అంటే పనిముట్టుకు పనిముట్టు.

జపాన్ శాస్త్రవేత్తలు 1976 నుంచి ఈ గుంపును గమనిస్తున్నారు. టెట్సురో మట్సుజావా బృందం 1988 నుంచి అడవిలోనే ఒక చోట రాళ్లూ కాయలూ పేర్చి, గడ్డి దడి వెనక కూర్చుని ఏటా రికార్డు చేసింది. వాళ్లు చూసిన పిల్లల ఎదుగుదల ఇలా ఉంటుంది. ఏడాదిన్నర వయసులో పిల్ల రాయిని దొర్లిస్తుంది, లేదా కాయను నోట్లో పెట్టుకుంటుంది. రెండిటినీ కలపదు. రెండున్నరేళ్లకు కాయను రాయి మీద పెడుతుంది కానీ చేత్తో చరుస్తుంది, కాలితో తొక్కుతుంది. కాయ, దాగలి, సుత్తి మూడూ ఒక వరుసలో కుదిరేసరికి సుమారు మూడున్నరేళ్లు వస్తాయి. చాలావాటికి మూడు నుంచి ఐదేళ్ల మధ్య వస్తుంది. ఏడేళ్లొచ్చేసరికి రాకపోతే ఇక ఆ జన్మకు రాదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఈ మూడేళ్లూ తల్లి ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. ఏమీ చేయదు. కాయ కొట్టి చేతికి ఇవ్వదు, పిల్ల చెయ్యి పట్టి కొట్టించదు, బాగా కొడితే మెచ్చుకోదు, తప్పు కొడితే కసరదు. కానీ పిల్ల వచ్చి తన దాగలి మీది పప్పును లాక్కుంటే ఊరుకుంటుంది. సుత్తిరాయి పట్టుకుని వేలాడినా, మొహంలో మొహం పెట్టి చూసినా తోసేయదు. హైదరాబాద్ బైక్ మెకానిక్ షెడ్లలో కొత్తగా చేరిన కుర్రాడి పరిస్థితి దీనికి దగ్గరగా ఉంటుంది. ఉస్తాద్ ఎవరికీ క్లాసు చెప్పడు. కుర్రాడు మొదట డబ్బాలో నట్లు కడుగుతాడు, పానాలు అందిస్తాడు, విప్పేసిన కార్బ్యురేటర్‌ను తిప్పి తిప్పి చూస్తాడు. ఏ పానా అడుగుతాడో ముందే తెలిసిపోయే రోజు వస్తుంది. పాడైన ఇంజిన్ మీద అతని చెయ్యి పడనిచ్చినంత కాలం పని వస్తూనే ఉంటుంది. మట్సుజావా దీన్ని గురుశిష్య పద్ధతి చదువు అని అన్నారు. పోలిక ఒక చోట తెగిపోతుంది: షెడ్డులో కుర్రాడు తప్పు బిగిస్తే ఉస్తాద్ నోరు ఊరుకోదు, చింపాంజీ తల్లి ఊరుకుంటుంది.

అదే గుంపులో ఇంకో పరిశీలన ఈ శిష్యరికం స్వభావాన్ని బయటపెట్టింది. బోసూలో దొరకని కౌలా అనే కాయలను 1993లో తెచ్చి పెట్టారు. పెద్దవి చాలావరకు వాసన చూసి వదిలేశాయి. యో అనే ఆడ చింపాంజీ మాత్రం వచ్చీ రాగానే దాగలి మీద పెట్టి పగలగొట్టి తినేసింది. చింపాంజీల్లో ఆడవి ఈడొచ్చాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపుకు వెళతాయి. కౌలా దొరికే చోట పుట్టి, ఆ విద్యను మెట్టింటికి తెచ్చుకుందని పరిశోధకుల అంచనా. యో కొడుతుంటే చుట్టూ మూగింది ఎక్కువగా పిల్లలే, తర్వాతి ఏళ్లలో నేర్చుకున్నదీ వాళ్లే. డోరా బిరో తదితరులు ఈ రికార్డులను విశ్లేషించినప్పుడు ఇంకో వరుస బయటపడింది: చింపాంజీలు తమ ఈడువాటినో, తమకన్నా పెద్దవాటినో పరిశీలనగా చూస్తాయి తప్ప చిన్నవాటిని చూడవు. పిల్ల ఏదైనా కొత్త పద్ధతి కనిపెట్టినా అది పైకి పాకడం కష్టమని దీని అర్థం.

రాయి పని ఐదేళ్లకు వస్తే, పుల్ల పని పూర్తిగా చేతికి రావడానికి ఇంకా ఆలస్యం. కోత్ దివ్వార్ దేశపు తాయ్ అడవిలో 70 చింపాంజీల వీడియోలు పరిశీలించిన బృందం 2024లో ప్రకటించిన దాని ప్రకారం, పుల్లను పట్టుకునే రకరకాల పట్లు ఆరేళ్లకల్లా వచ్చేస్తాయి. ఏ పనికి ఏ పట్టు అన్న ఒడుపు మాత్రం 15 ఏళ్ల దాకా కుదురుతూనే ఉంటుంది. అంటే అప్పటికి ఆ చింపాంజీ పెద్దదైపోయి ఉంటుంది.

మెరుపులా తట్టడం అనే మాట

సహవాసం, సాధన అనే ఈ కథకు పాత ప్రత్యర్థి ఒకటుంది. 1913లో టెనెరిఫె దీవికి వెళ్లిన జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ కోలర్, అక్కడి సుల్తాన్ అనే చింపాంజీ రెండు వెదురు కర్రలను ఒకదాంట్లో ఒకటి దూర్చి పొడవు పెంచి, అందని పండును లాక్కోవడం చూశారు. ఆలోచన మెరుపులా తట్టిందని ఆయన వివరణ. మనస్తత్వశాస్త్రం పాఠాల్లో ఇప్పటికీ సుల్తాన్ ఫొటో ఉంటుంది. 1945లో హెర్బర్ట్ బిర్చ్ చేసిన పని అంతగా ప్రచారం పొందలేదు, నిజానికి దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. కర్రలతో ఆడిన అలవాటు లేని చింపాంజీలకు ఆయన కర్ర, అందని తిండి ఇచ్చారు. చాలావరకు విఫలమయ్యాయి. మూడు రోజులు కర్రలతో ఊరికే ఆడుకోనిచ్చి మళ్లీ అదే పరీక్ష పెడితే అన్నీ చకచకా గట్టెక్కాయి. మెరుపు ముందు మూడు రోజుల ఆట ఉందన్నమాట.

అయినా సొంతంగా కనిపెట్టగల శక్తిని కొట్టిపారేయలేం. క్లౌడియో టెన్నీ వంటి పరిశోధకులు దాన్నే గట్టిగా వాదిస్తున్నారు. వాళ్ల లెక్కలో చింపాంజీలు చేసే ప్రతి పనీ ఏ చింపాంజీ అయినా తనంతట తాను కనిపెట్టగలిగేదే. తోటివాళ్లను చూడటం వల్ల కనిపెట్టే అవకాశం పెరుగుతుంది తప్ప, పద్ధతి నకలు కాదు.

ఈ వాదనను అడవిలోనే పరీక్షించింది కథెలైన్ కూప్స్ బృందం. బోసూకు ఆరు కిలోమీటర్ల దూరంలో, నింబా కొండల్లో సెరింగ్బారా అనే చోట ఇంకో చింపాంజీ గుంపు ఉంది. అది కాయలు పగలగొట్టదు. వాటి దారిలో రాళ్లు, ఆయిల్‌పామ్ కాయలు పేర్చి కెమెరాలు పెట్టారు. తర్వాత పైన గుజ్జున్న పండ్లు పెట్టారు. లోపల పప్పుందని తెలియాలని పగలగొట్టిన కాయలు పెట్టారు. ఆఖరికి కౌలా కాయలూ పెట్టారు. చింపాంజీలు వచ్చాయి, చూశాయి, కెలికాయి. ఒక్కటి కూడా రాయి ఎత్తి కాయ మీద కొట్టలేదు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు అని మనవాళ్లు వెటకారంగా అనేది సరిగ్గా ఈ స్థితినే. 2022లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి, కాయ కొట్టే విద్య ఏ చింపాంజీకైనా దానంతటదే తట్టేది కాదు, ఎవరో ఒకరిని చూడాల్సిందే అని కూప్స్ అంటారు. కనిపెట్టడం అసాధ్యమని దీనితో రుజువు కాలేదు, అరుదు అని మాత్రం తేలింది.

రెండేళ్ల తర్వాత జాంబియాలోని చింఫున్షి ఆశ్రయ కేంద్రం నుంచి ఇంకో ఫలితం వచ్చింది. చెక్క బంతి తీసుకుని, డ్రాయర్ లాగి పట్టుకుని, బంతి లోపల వేస్తే పల్లీలు వచ్చే యంత్రాన్ని ఎడ్విన్ వాన్ లీయువెన్ బృందం అక్కడి చింపాంజీల ముందు పెట్టింది. మూడు నెలలు చూసినా ఒక్కదానికీ అంతుపట్టలేదు. తర్వాత రెండు గుంపుల్లోనూ ఒక్కో చింపాంజీకి మనుషులు నేర్పి వదిలితే, దాన్ని చూసి మొత్తం 14 నేర్చుకున్నాయి. సొంతంగా రానిది చూసి వచ్చిందనడానికి ఇంతకన్నా సూటి రుజువు చింపాంజీల్లో ఇంతకుముందు లేదు. టెన్నీ పక్షం వాళ్లు ఇది మనుషులు కల్పించిన యంత్రమే కదా అంటారు. ఆ అభ్యంతరంలో పస తక్కువ. బుర్రలో ఆ శక్తి లేకపోతే యంత్రం ఎవరిదైనా రాకూడదు.

తల్లి ఏమీ చేయదని పైన అనుకున్నాం. దానికి మినహాయింపులున్నాయి. తాయ్ అడవిలో క్రిస్టొఫ్ బోష్ ఏళ్ల తరబడి చూసిన వాటిలో తల్లి స్పష్టంగా నేర్పిన సందర్భాలు రెండు. ఒకసారి నీనా అనే పిల్ల సుత్తిని అటూ ఇటూ తిప్పి పట్టుకుంటూ విఫలమవుతుంటే, తల్లి రిచీ వచ్చి సుత్తి తీసుకుని, మామూలుగా క్షణంలో చేసే పనిని చాలా నెమ్మదిగా చేస్తూ సరైన వైపుకు తిప్పి పట్టుకుంది. రెండే సందర్భాలు కాబట్టి వాటి మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. కాంగో రిపబ్లిక్‌లోని గువాలూగో అడవి మాత్రం గట్టి ఆధారం ఇచ్చింది. అక్కడ చెదలు పట్టడానికి ఒకటి కాదు రెండు పనిముట్లు కావాలి. భూమిలోని గూటికి బలమైన కర్రతో కన్నం చేయాలి, తర్వాత చివర పళ్లతో నమిలి కుంచెలా చేసుకున్న పుల్లను దూర్చాలి. అక్కడి తల్లులు తమ పుల్లను పిల్లకు ఇచ్చేస్తాయి. కొన్నిసార్లు ముందుగానే రెండు తెచ్చుకుంటాయి, లేదా ఉన్నదాన్ని నిలువునా చీల్చి సగం ఇస్తాయి. తల్లికి ఆ సేపు తిండి తగ్గుతుంది, పిల్లకు పెరుగుతుంది. శాస్త్రవేత్తలు నేర్పడం అని ఒప్పుకోవడానికి పెట్టుకున్న షరతే అది. స్టెఫనీ మస్‌గ్రేవ్ బృందం 2020లో గువాలూగోను గోంబెతో పోల్చింది. ఒకే పుల్లతో పని జరిగే గోంబెలో తల్లులు ఇలా ఇవ్వడం చాలా తక్కువ. పని కష్టమైన చోట చేయూత పెరుగుతోంది.

మిగతా చుట్టాలు

చింపాంజీలను దాటితే బ్రెజిల్ కపుచిన్ కోతుల కథ ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. మూడు నాలుగు కిలోల కోతి దాదాపు కిలో బరువున్న రాయిని రెండు చేతులతో తలమీదికెత్తి, తోకతో నిలదొక్కుకుని, కాయ మీద వేస్తుంది. పిల్లలకు ఇది రావడానికి ఏళ్లు పడుతుంది, అంతకాలం ఖాళీ పెంకులనే కొడుతుంటాయి. డొరొథీ ఫ్రాగజీ, ఎలిజబెట్టా విజల్‌బెర్గీ గమనించిన విషయం ఏమిటంటే, పెద్దది లేచి వెళ్లిపోయాక కూడా ఆ దాగలి, అరిగిన గుంటలు, పప్పు వాసనున్న తునకలు అక్కడే ఉండి పిల్లలను లాగుతాయి. గురువు లేని వేళ పని జరిగిన స్థలమే పాఠం చెబుతోంది. సెర్రా ద కాపివారా నేషనల్ పార్కులో ఇలాంటి రాళ్లు తవ్వితే సుమారు మూడు వేల ఏళ్ల నాటివి దొరికాయి. తాయ్ అడవిలో చింపాంజీలవని తేల్చిన రాళ్లు 4,300 ఏళ్ల నాటివి.

సుమత్రా దీవి ఒరాంగుటాన్లు సహవాసం లెక్కకు మంచి ఉదాహరణ. సువాక్ చిత్తడి అడవిలో అవి పుల్లతో నీసియా కాయల గింజలు తీస్తాయి. ఆ కాయ లోపల చర్మానికి గుచ్చుకునే నూగు ఉంటుంది, చెయ్యి పెడితే మంట. నదికి అవతల కూడా అవే చెట్లున్నాయి, అక్కడివి పుల్ల పట్టవు. సువాక్‌లో ఒరాంగుటాన్లు దట్టంగా ఉంటాయి, ఒకదాన్నొకటి దగ్గరికి రానిస్తాయి, అందుకే విద్య పాకిందని కారెల్ వాన్ షైక్ వివరణ. మొత్తం మీద ఒంటరిగా తిరిగే జాతిలో కూడా, కాస్త కలిసి ఉండే చోటే పనిముట్టు నిలిచింది.

హైదరాబాద్ కోతులు మకాక్ కుటుంబానివి. మన దగ్గర ఉత్తరాది రీసస్, దక్షిణాది బోనెట్ రెండూ ఎదురుపడతాయి. ఇదే కుటుంబంలోని పొడుగుతోక మకాక్‌లు థాయ్‌లాండ్ దీవుల్లో రాళ్లతో ఆల్చిప్పలు పగలగొడతాయి. లోప్‌బురి పట్టణంలోనైతే మనుషుల వెంట్రుకలు పీకి పళ్ల సందులు శుభ్రం చేసుకుంటాయి, పిల్ల ఎదురుగా చూస్తున్నప్పుడు తల్లి ఆ పని ఎక్కువసార్లు, ఎక్కువసేపు చేసిందని 2009లో ప్రచురించారు. బాలిలోని ఉలువాటు గుడి దగ్గర భక్తుల కళ్లజోళ్లు లాక్కుని తిండి ఇస్తేనే తిరిగిస్తాయి. ఏ వస్తువుకు ఎక్కువ గిట్టుబాటో పెద్ద కోతులకు తెలుసు, పిల్లలకు తెలియదు. మన కోతులకు ఆ బుర్ర లేదనుకోవడానికి కారణం లేదు. కాకపోతే చెత్తకుండీ, పెరటి జామచెట్టు, గుడి దగ్గర అరటిపండు ఉన్నంతకాలం రాయి ఎత్తాల్సిన అవసరం వాటికి పడదు. పైగా రీసస్ కోతులు తల్లి వరసల హోదాల విషయంలో మహా కటువు. చిన్నది పెద్దదాని తిండి దగ్గర మొహం పెడితే దెబ్బే.

ఈ దృష్టితో చూస్తే జూలలో ఒంటరి చింపాంజీ పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. మన నెహ్రూ జూలో సందర్శకులకు బాగా తెలిసిన సుజీ అనే ఆడ చింపాంజీ 2021లో చనిపోయింది. తాళ్లు, టైర్లు, కృత్రిమ చెదపుట్టలో తేనె వంటి ఏర్పాట్లు ఇప్పుడు చాలా దేశాల జూలలో మామూలే. వస్తువులు అందుతాయి, పక్కన కూర్చుని చూడటానికి ఇంకో చింపాంజీ అందకపోతే అడవిలో పుట్టే విద్యలు అక్కడ పుట్టవు.

అడవిలో ఉన్నవి కూడా కరిగిపోతున్నాయి. హ్యాల్మర్ కూల్, అమ్మీ కలాన్ బృందం 144 చింపాంజీ గుంపుల సమాచారం పోల్చి 2019లో చెప్పిన దాని ప్రకారం, మనుషుల తాకిడి ఎక్కువున్న చోట ఇలాంటి ప్రత్యేక ప్రవర్తనలు కనిపించే అవకాశం సగటున 88 శాతం తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. అడవి ముక్కలైతే ఈడొచ్చిన ఆడ చింపాంజీ ఇంకో గుంపుకు వెళ్లలేదు, యో లాంటిది కొత్త విద్య మోసుకురాలేదు. పని తెలిసిన పెద్దవి చనిపోతే చూసేందుకు ఎవరూ మిగలరు.

బోసూ గుంపుకు జరిగింది అదే. చుట్టూ పొలాలు, గడ్డిమైదానం. బయటినుంచి ఆడవి రావడం ఆగిపోయింది. 2003లో ఊపిరితిత్తుల జబ్బు ఐదింటిని తీసుకుపోయింది. ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. గుంపును నింబా కొండలతో కలపడానికి 1997 నుంచి మధ్యలోని గడ్డిమైదానంలో చెట్లు నాటుతున్నారు, కార్చిచ్చులు వాటిని తగలబెడుతున్నాయి, మళ్లీ నాటుతున్నారు. ఆ దారి పూర్తయి, కాయ కొట్టడం తెలిసిన ఆడ చింపాంజీ ఒకటి సెరింగ్బారా వైపు వెళ్లిందనే అనుకుందాం. అక్కడి పెద్దవాటికి దానివల్ల ప్రయోజనం ఉండదు, వాటి వయసు దాటిపోయింది. కొత్తగా వచ్చిన ఆడదాన్ని పాత ఆడవి తరిమికొట్టడం చింపాంజీల్లో మామూలే కాబట్టి, ముందు అది అక్కడ నిలదొక్కుకోవాలి. ఆ తర్వాత దానికో పిల్ల పుట్టాలి, లేదా వేరే తల్లి తన ఐదేళ్లలోపు పిల్లను దాని రాయి దగ్గర కూర్చోనివ్వాలి.